వదిన ఎసరు, కారు ముల్లు

మా వదిన పోయిందని మొన్న పొద్దున్నే ఆమె మనవడు ఫోన్ చేసి చెప్పాడు. నిద్రలోనే పోయిందట. "అలాగా నాయనా" అన్నాను. నాకు మాటలు తక్కువ. చదువు కూడా మా ఊరి బడితోనే ఆగిపోయింది. అయినా ఆమె గురించి నాలుగు ముక్కలు రాయాలనిపించింది. ఆమె చేతి వంట గురించి, పెట్టే చెయ్యి గురించి మిగతావాళ్లు చెబుతారు. నేను కారు సంగతి చెబుతాను.

అరవైల నాటి మాట. పత్తి సేద్యం కలిసిరాక అన్నయ్య ఒక పాత విలాయతీ కారు కొని బాడుగకు తిప్పేవాడు. చీరాల స్టేషనుకీ, గుంటూరు మిర్చి కొట్లకీ మనుషుల్ని తీసుకెళ్లేవాడు. నేను చీరాలలో లారీ షెడ్డులో వైర్ల పని నేర్చుకుని ఉన్నాను కాబట్టి బండి మంచిచెడ్డలు నావి.

మా చేతికి వచ్చేసరికే ఆ కారు చాలా చేతులు మారింది. డాష్‌బోర్డులో ఇంజను వేడి చూపించే మీటరు ఒక కంపెనీది. ఇంజను నీళ్లలో మునిగి ఉండి ఆ మీటరుకు వేడి సంగతి తెలిపే ఇత్తడి ముక్క ఉంటుంది, సెండరు అంటారు. అది ఇంకో కంపెనీది. రెండూ బిగుస్తాయి, ముల్లు కదులుతుంది. కానీ అది చెప్పేది నిజం కాదు.

ఒక ఎండాకాలం కాలిన వాసన వస్తే అన్నయ్య దారిలో బండి ఆపాడు. ముల్లు సగంలోనే ఉంది. పరవాలేదనుకుని రేడియేటరు మూత తిప్పాడు. మరిగే నీళ్లు ఎగజిమ్మి కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. కళ్లు కొద్దిలో తప్పాయి.

చెయ్యి మానేదాకా వదినే అన్నం కలిపి పెట్టింది. నాతో మాత్రం ఒక్క మాట అంది. "అబ్బాయ్, ఆ ముల్లు సంగతి తేల్చందే ఆయన్ని బండెక్కనివ్వను."

బండి తిరక్కపోతే ఇల్లు గడవదు. అలాగే తిరిగితే ఈసారి కళ్లే పోవచ్చు.

గుంటూరులో పాత సామాన్ల కొట్టు సాయిబు గారు నా చేతిలో మూడు సెండర్లు పెట్టారు. "మూడూ నీ ఇంజనులో బిగుస్తాయి నాయనా. నీ మీటరుకి ఏది సరిపడుతుందో నాకు తెలీదు. నీళ్లు కాచి చూసుకో" అన్నారు.

కాచడం సరే, వేడి కొలిచేదేది? వంటింటి గుమ్మం దగ్గర నిలబడి నసుగుతుంటే వదినే అడిగింది.

"ఏం కావాలి నీకు?"

"నీళ్లు ఎంత కాగాయో ఎవరైనా చెబితే, ముల్లు సరిగ్గా చూపిస్తోందో లేదో తెలుస్తుంది వదినా."

"అంతేనా? రెండు పూటలా నేను చేసే పని అదేగా. కానీ ఆ నూనె కంపుది నా ఎసట్లో ముంచావంటే ఊరుకోను. కుడితి తపేలా కడిగి తెచ్చుకో."

తపేలా పొయ్యి మీద పెట్టింది. నేను కారు బ్యాటరీ, మీటరు విప్పుకొచ్చి గుమ్మంలో పెట్టి వైర్లు కలిపాను. కొస మాత్రమే నీళ్లలో మునిగేలా సెండరును ఒక పుల్లకు కట్టాను. ఆమె పొయ్యి ముందు, నేను మీటరు ముందు, ఒకరి వైపు ఒకరు వీపు తిప్పి కూర్చున్నాం. "ముల్లు ఎక్కడుందో నాకు చెప్పకు. చెబితే నా నోరు దాని వెంట పోతుంది" అంది.

వేడికి ఆమె కొలతలు ఆమెకున్నాయి. "పసిబిడ్డకి పోసేంత." కాసేపాగి, "ఇక వేలు పెట్టలేం." తర్వాత చెవి వంచి వినేది. నీళ్లు సన్నగా రొద పెడితే, "పాడుతోంది" అనేది. చివరికి కుతకుత మరిగితే, "ఇదిగో, తెర్లుతోంది."

ముందు కారులోంచి విప్పిన పాతదే వేశాం. ఆమె "తెర్లుతోంది" అనేసరికి ముల్లు సగంలో నిలబడి ఉంది. వెనక్కి తిరిగి చూసింది. చెంగుతో చేతులు తుడుచుకుని, "ఇంకోటి వెయ్" అంది.

సాయిబు గారిచ్చిన వాటిలో ఒకటి పసిబిడ్డ నీళ్లకే ముల్లును ఆ చివరికి తోసేసింది. ఇంకోటి కదలనే లేదు. మిగిలినదాన్ని వేశాక, "పాడుతోంది" అన్నప్పుడు ముల్లు సగం దాటింది. "తెర్లుతోంది" అన్నప్పుడు ఎర్రగీతను తాకింది. నమ్మకం చాలక ఆమె చెంబుడు చన్నీళ్లు పోసింది. ముల్లు బుద్ధిగా కిందికి దిగింది.

అప్పటికి అన్నయ్య వచ్చి చూస్తున్నాడు. ముఖం చిట్లించాడు.

"ఇది పెడితే గిరాకీ పోతుందే. పాతదైతే కుదురుగా ఉండేది. ఇది ఎండలో పైకెక్కుతుంటే జనం భయపడి దిగిపోతారు."

"దిగితే నడిచిపోతారు, వాళ్ల కాళ్లకేం. మీ చెయ్యి కాలితే అన్నం కలిపి పెట్టేది వాళ్లు కాదుగా."

"భయపెట్టే మీటరు ఎందుకే మనకి?"

"ముందు నిజం చెప్పనీండి. భయపడాలో వద్దో తర్వాత చూసుకుందాం."

ఆ మాట ఆమె చివరిదాకా వదల్లేదు. పెద్దతనంలో పిల్లలు డాక్టరును పక్కకు పిలిచి గుసగుసలాడుతుంటే కూడా అదే అంది. డాక్టరు నవ్వి, మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాడట.

సెండరు బిగించాక గిరాకీ ఎక్కించుకోబోతే, "ముందు నేనెక్కుతా" అంది వదిన. అంతవరకూ ఆ కారులో కూర్చోలేదు. ముందు సీట్లో అన్నయ్య పక్కన కూర్చుంది. నేను వెనక. చీరాల రోడ్డు పట్టాం. రెండు పక్కలా కళ్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. ఎండ మండిపోతోంది. ముల్లు సగం దాటింది. ఇంకా ఎక్కింది.

"ఇంకో మైలు పోతుందిలే" అన్నాడు అన్నయ్య.

"ఆపండి."

ఆపాడు. బానెట్ ఎత్తి, అలవాటుగా మూత మీదికి చెయ్యి చాపాడు. వదిన ఆ చెయ్యి పట్టుకుంది. చెవి దగ్గరికి పెట్టి వింది. "లోపల తెర్లబోతోంది. మన ముల్లు నిజమే చెప్పింది" అంది. అన్నయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మూత జోలికి పోలేదు.

చల్లారేదాకా ఆగాలి. ఇద్దరూ కారు ఫుట్‌బోర్డు మీద నీడపక్క కూర్చున్నారు. ఇంటినిండా పెద్దవాళ్లున్న కాపురంలో వాళ్లిద్దరూ పగటిపూట పక్కపక్కన కూర్చోగా నేను చూడలేదు. నేను కళ్లం గట్టు దాకా నడిచాను. వదిన ఏదో చెబుతోంది. అన్నయ్య నవ్వుతున్నాడు.

కొంతసేపటికి వెనక్కి వచ్చి, రెండో వైపు నుంచి తాళం తిప్పి చూశాను. ముల్లు ఎప్పుడో కిందికి దిగింది. బయలుదేరొచ్చు. ఆ మాట చెప్పలేదు. తాళం కట్టేసి మళ్లీ గట్టు మీదికి పోయాను.

గాలి తిరిగి మిరప ఘాటు రోడ్డు మీదికి కొట్టింది. వదిన తుమ్మింది. అన్నయ్య భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చాడు. ఆమె ముఖం తుడుచుకుని, దాన్ని తిరిగి ఇవ్వకుండా ఒళ్లో మడత పెట్టుకుంటూ, మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టింది.