గడ్డ అన్న కోడలు, పప్పు వద్దన్న అత్త

2022 మే నెల. కర్నూలు ఎండ సంగతి తెలిసిందే, పదింటికే రోడ్లు ఖాళీ. నేను ప్లాస్టిక్ సర్జన్ని. ఈ మాట వినగానే మా ఊళ్ళో సగంమంది మేము ఒంట్లో ప్లాస్టిక్ పెడతామనుకుంటారు. నిజానికి నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మంటల్లో కాలినవాళ్ళు, బైకు మీద నుంచి పడినవాళ్ళు. ఒంటి తీరు సరిచేయించుకోవాలని వచ్చేవాళ్ళు తక్కువ. వచ్చినా నలుగురిలో కూర్చోరు, కారిడార్ చివర గోడ వైపు తిరిగి నిలబడతారు.

ఆ రోజు అట్లా నిలబడిన మనిషిని కరుణ అందాం. అసలు పేరు వేరే. బద్వేలు నుంచి వచ్చింది, ముప్పై ఆరేళ్ళుంటాయి, బస్సు కండక్టరు. అంత ఎండలోనూ ఒంటి నిండా శాలువా కప్పుకుంది. లోపలికి పిలిచి, శాలువా ఎందుకమ్మా అని అడిగాను.

"తీసి చూపిస్తా మేడమ్. మీరు నవ్వగూడదు."

నవ్వే విషయం కాదది. ఇద్దరు పిల్లల తర్వాత ఒళ్ళు బాగా తగ్గి, ఆమె రొమ్ములు జారిపోయాయి. కిక్కిరిసిన బస్సులో టికెట్లు కొడుతూ తిరిగే మనిషికి అది అందం సమస్య మాత్రమే కాదు. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా నొప్పి, చెమటకు రొమ్ముల కింద చర్మం ఒరుసుకుపోయి పుండ్లు. దూరంగా ఒక పెద్ద ఊరికి పోయి బ్రెస్ట్ లిఫ్ట్ చేయించుకుంది. జారిన రొమ్మును పైకెత్తి నిలబెట్టే ఆపరేషన్ అది, మేము మాస్టోపెక్సీ అంటాం.

అక్కడ చేసింది డోనట్ లిఫ్ట్. చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం అంచున గుండ్రంగా చర్మం తీసేసి, సంచి మూతికి బొందు బిగించినట్టు దారంతో బిగిస్తారు. మచ్చ పెద్దగా కనబడదు కాబట్టి అందరికీ అదే ముద్దు. కొంచెం జారినవాళ్ళకు బాగానే ఉంటుంది. కరుణ లాంటివాళ్ళకు చర్మం ఒక్కటే ఆ బరువును ఎన్నాళ్ళని మోస్తుంది? ఏడాది తిరిగేసరికి రొమ్ములు మళ్ళీ జారాయి. వలయాలు సాసర్లంత సాగాయి, ముందు భాగం చప్పిడైపోయింది, ఎడమది కుడిదానికంటే కిందికి దిగింది. చుట్టూ మచ్చ వేలి వెడల్పున లావెక్కింది.

"మా ఆయన ఏమీ అనడు మేడమ్. అనకపోయేదే నాకు కష్టంగా ఉండాది. ఇంకోసారి చేస్తే నిలబడతాదా? నిలబడదంటే ఇప్పుడే చెప్పండి, ఇట్లనే బతుకుతా."

నేను అబద్ధం చెప్పదలచుకోలేదు. ఈసారి పద్ధతి మార్చాలి అన్నాను. వర్టికల్ లిఫ్ట్ అంటారు దాన్ని. వలయం నుంచి కిందికి నిలువుగా ఒక గీత కోసి, లోపలి కండను రెండు పక్కల నుంచి దగ్గరికి తెచ్చి కుట్టేస్తాం. బరువు ఆ లోపలి కుట్ల మీద పడుతుంది, చర్మం ఊరికే పైన కప్పుకొని ఉంటుంది. నిలువు మచ్చ మాత్రం కనబడుతుంది. అసలు భయం వేరే ఉంది. చనుమొనకు రక్తం తెచ్చే కండ దారిని పెడికిల్ అంటాం. మొదటి డాక్టరు ఆ దారిని ఎంత కోశాడో నాకు తెలియదు. అది తెగితే చనుమొన నల్లబడి చచ్చిపోతుంది. ఇంకో మాట కూడా చెప్పాను, ఈసారి పోతే మూడోసారి చేయడానికి మిగిలేది ఏమీ ఉండదని.

అంతా విని తలూపింది. కానీ ఆ మచ్చ చూస్తుంటే నాకు అనుమానం తీరలేదు. పద్ధతి తప్పైతే మచ్చ సాగుతుంది గానీ మరీ అంత చెడదు. గుచ్చి గుచ్చి అడిగితే, కుట్లు విడిపోయి పుండు చాలాకాలం మానలేదని బయటపెట్టింది.

"అప్పుడు ఏం తిన్నావు?"

"పథ్యం మేడమ్. చారు, కారం కలిపిన అన్నం. పప్పు తింటే చీము పడతాదని మా అత్త పెట్టల్యా. గుడ్డు వేడి, వంకాయ నంజు. ఇప్పటికీ పెట్టదు, గడ్డ మళ్ళా వస్తాదని."

"గడ్డా? ఏం గడ్డ?"

అప్పుడు తల దించుకుంది. మొదటి ఆపరేషన్ అప్పుడు ఇంట్లో భర్తకు తప్ప ఎవరికీ నిజం చెప్పలేదట. రొమ్ములో గడ్డ ఉంది, తీయాలన్నారు అని అత్తతో చెప్పి, పిల్లల్ని ఆమెకు అప్పగించి భర్తతో పోయిందట. రక్తపరీక్ష చేయిస్తే నేను భయపడ్డట్టే ఉంది, రక్తమూ తక్కువే, ప్రోటీనూ తక్కువే. ఒంట్లో సరుకు లేకుండా ఎంత బాగా కుట్టినా గాయం అతుక్కోదు. ఇవి పెరిగేదాకా కత్తి పట్టనని చెప్పి పంపాను. బస్టాండులో గుడ్లు కొనుక్కొని తింటానంది. ఇంటి పొయ్యి దగ్గర అత్త ఉండగా బస్టాండు గుడ్లు ఎంతవరకు ఆదుకుంటాయి అనుకున్నాను గానీ పైకి అనలేదు.

వానలు మొదలయ్యాక కరుణ మళ్ళీ వచ్చింది, ఈసారి వెంట అత్త కూడా. పేరు పరిశుద్ధమ్మ అనుకోండి. తెల్లచీర, చేతిలో బైబిలు సంచి. రెండో ఆపరేషన్ మాట ఎట్లాగో చెవిన పడింది. కుర్చీలో కూర్చోకుండానే అడిగింది.

"దాపరికం లేకుండా చెప్పమ్మా. క్యాన్సరేనా? సంఘమంతా ఉపవాసముండి ప్రార్థన చేస్తిమి. గడ్డ పోయినాదని నేను చర్చి గుళ్ళో నిలబడి సాక్ష్యం చెప్తిని. మళ్ళా ఎట్ల వచ్చినాది?"

నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. రోగి విషయం రోగి అనుమతి లేకుండా చెప్పకూడదు. చెప్పకపోతే ఆ పెద్దామె గుండె ఆగేలా ఉంది. కరుణ వైపు చూశాను. నేల చూపులు చూస్తూనే నోరు విప్పింది.

"అత్తా, గడ్డ ఎప్పుడూ ల్యా. నేనే అబద్ధం చెప్పినా." తర్వాత ఉన్నదున్నట్టు అంతా చెప్పింది.

పరిశుద్ధమ్మ నా వైపు తిరిగింది. "క్యాన్సర్ లేదా?"

"లేదమ్మా. మామోగ్రామ్ కూడా తీయించాను. రొమ్ముకు తీసే ఎక్స్‌రే అది. ఏ గడ్డా లేదు."

కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. కాసేపటికి మొహం తుడుచుకొని కోడలి మీద పడింది.

"నాతో చెప్తే నేనేమంటాననుకున్న్యావే?"

"ఇద్దరు బిడ్డల తల్లివి, నీకిదేం పోయేకాలం అంటావని."

"అంటా. నాలుగు మాటలు గట్టిగానే అంటా. అన్న్యాక వచ్చి నీ మంచం పక్కన కూర్చుంటా గదా. ఆడతోడు లేకుండా కోయించుకొని వస్తివే."

సమయం చూసి నేను పప్పు సంగతి ఎత్తాను. చర్మం అతుక్కోవాలంటే పప్పు, గుడ్డు, పాలు తప్పవన్నాను. ఆమె వెంటనే ఒప్పుకునే రకం కాదు. చీము పడితే ఎవరిది బాధ్యత అంది. నాదే అన్నాను.

"సరే, పప్పు పెడతా. గుడ్డు పెడతా. వంకాయ మాత్రం పెట్టను."

వంకాయ లేకున్నా గాయం మానుతుందిలెండి అని ఒప్పందం చేసుకున్నాం.

రక్తం పెరిగాక ఆపరేషన్ చేశాను. ముందు ఆమెను నిలబెట్టి మార్కర్ పెన్నుతో గీతలు గీశాను. పడుకుంటే రొమ్ము తన అసలు చోటు చెప్పదు. లోపల పాత మచ్చ బంకలాగా పట్టుకొని ఉంది. పెడికిల్‌ను వీలైనంత వెడల్పుగా వదిలి, కండను తక్కువ కదిలించి, నిదానంగా కుట్టుకుంటూ వచ్చాను. మరునాడు కట్టు విప్పి ముందు చనుమొనలే చూశాను. రెండు వైపులా రంగు బాగుంది. కారిడార్‌లో టిఫిన్ క్యారియర్‌తో కూర్చున్న పరిశుద్ధమ్మకు చెబితే, క్యారియర్ మూత తీసి పప్పు చూపించింది.

ఆరు నెలలకు చివరి చెకప్‌కు ఇద్దరూ వచ్చారు. రెండు రొమ్ములూ ఒక తీరుగా నిలబడ్డాయి, నిలువు మచ్చ పలచబడింది. కరుణ మళ్ళీ డ్యూటీలో చేరింది. మందులు తెమ్మని కోడల్ని పంపించి, పరిశుద్ధమ్మ తలుపు దగ్గరికి వేసింది.

"అమ్మా, నాకు ఈడ కింద మండుతాంటాది. ఏమన్నా పూత మందు ఉంటే రాసియ్యి."

చూశాను. రొమ్ముల కింద చర్మం నల్లబడి, మడతల్లో పచ్చిగా ఉంది. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను.

"మా వాడు పాలు మానినప్పటి నుంచి. ఎండాకాలం వస్తే శానా కష్టం. గుడ్డ మడిచి పెట్టుకొని చేన్లో పని చేసేదాన్ని."

వాడంటే కరుణ భర్త. ఇప్పుడు నలభై దాటినవాడు.

"ఎవరికీ చెప్పలేదా?"

"ఇదీ ఒక చెప్పే మాటేనా అమ్మా?"

ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఇద్దరు ఆడవాళ్ళకూ ఒకే బాధ. ఒకరు దానికి గడ్డ అని పేరు పెట్టారు, ఒకరు అసలు పేరే పెట్టలేదు. ఆ కేసు తర్వాత నేను కొలతలు తీసేముందు ప్రతి మనిషినీ రెండు ప్రశ్నలు అడుగుతాను. ఇంట్లో ఏమని చెప్పి వచ్చావు, నీకు వండిపెట్టేది ఎవరు. నా కుట్లు ఎంత నిలబడతాయనేది ఆ జవాబుల మీద కూడా ఉంటుందని నాకు నేర్పింది వీళ్ళిద్దరే.

పూత మందు రాసిస్తూ, కోడలు వస్తోంది, ఆమెకు తెలియకూడదంటే చీటీ మీ సంచిలో పెట్టుకోండి అన్నాను. పరిశుద్ధమ్మ చీటీ అందుకొని, మడవబోయి ఆగింది.

"వద్దులేమ్మా, పిలువు. మందు యాడ పూయాల్నో దానికే చూపించు. నా కండ్లకు అంత కిందికి ఆనదు."