తన వంతు నాకిచ్చిన కోచ్

మా కోచ్ పోయారు. మొన్న శుక్రవారం పొద్దున దోహాలోని నజ్మాలో ఇడ్లీ తింటుంటే పాత లేబర్ క్యాంపు మిత్రుడు ఫోన్ చేసి చెప్పాడు. ఊళ్లో, నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ప్లేటు అలాగే వదిలేసి లేచాను.

కోచ్ అంటే టోపీ, విజిల్ ఊహించుకోకండి. ఖతర్‌లోని మెసయీద్‌లో మా కంపెనీకి పరంజాలు కట్టించే స్కఫోల్డింగ్ ఫోర్‌మన్ ఆయన, నిజామాబాద్ వైపు మనిషి. నేను అక్కడే స్టోర్ కీపర్ని, గుంటూరు వాణ్ని. ప్రపంచకప్ స్టేడియాలు లేస్తున్న రోజులవి. దేశమంతా ఫుట్‌బాల్ జపం చేస్తుంటే ఈయన పన్నెండు మంది తెలుగువాళ్లను పోగేసి బేస్‌బాల్ నేర్పారు. ఫిలిప్పీన్స్ వాళ్లు ఏటా క్యాంపుల మధ్య టోర్నమెంటు పెట్టేవారు. అందులో మేమూ ఆడాల్సిందేనని ఆయన పట్టు.

ఆ పట్టుకు కారణం మాకు కంఠతా వచ్చు. డిగ్రీ చదివేటప్పుడు ఆయన కాలేజీ బేస్‌బాల్ జట్టు యూనివర్సిటీ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌కి వెళ్లింది. ఇక బ్యాటింగు ఈయనదే అనగా ముందువాడు ఆఖరి అవుటయ్యాడు. ఆట అయిపోయింది. “బ్యాటు పట్టుకొని తయారుగున్న తమ్మీ, నా వంతే రాలే” అనేవారు.

వారమంతా ఏసీల కింద బకెట్లు పెట్టించి, పట్టిన నీళ్లను శుక్రవారం తెల్లారగానే ఇసుక మీద చల్లించేవారు, దుమ్ము లేవకుండా. మాకేమో క్రికెట్ జబ్బులు వదిలేవి కావు. కొట్టగానే బ్యాటు పట్టుకునే పరిగెత్తేవాళ్లం. “అది ఇంటికి తీస్కపోతవా? ఆడ పారెయ్!” అని అరిచేవారు. బంతి నేరుగా ఫీల్డరు దగ్గరికి పోతే ఆగిపోవడం ఇంకో జబ్బు. క్రికెట్‌లో పరుగు తీయడం మన ఇష్టం, ఇందులో కాదు; బంతి కంటే ముందు మొదటి బేస్ చేరితే ‘సేఫ్’, లేకపోతే అవుట్. “కొట్టినంక ఆలోచన మాఫీ. ఉరుకుడే!” ఈ మాట రోజుకు పదిసార్లు వినేవాళ్లం.

ఒక ఏడాది ఫైనల్‌కి చేరాం. ఇంకో వారంలో ఆయన వీసా రద్దు చేసుకుని ఇంటికి వెళ్లిపోతున్నారు. ఆఖరి ఇన్నింగ్స్, ఒక్క పరుగు వెనకబడ్డాం, ఒక్క అవుటే మిగిలింది. మూడో బేస్ మీద మావాడు సమం చేసే పరుగుకు సిద్ధంగా ఉన్నాడు. వంతు కోచ్‌దే. బ్యాటు తీసుకుని నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి, బదులు ఆటగాడిగా బయట కూర్చున్న నా చేతిలో పెట్టారు.

“అన్నా, ఇది మీ వంతు” అన్నాను.

“మోకాలు పట్టింది. నువ్వు మంచిగ కొడుతున్నవ్. యల్లా, పో.”

ఆ మోకాలికి ఏమీ కాలేదని నాకు తెలుసు.

గట్టిగానే కొట్టాను. బంతి నేరుగా ఫీల్డరు దగ్గరికి పోయింది. నేను ఆగిపోయాను. అతని చేతిలోంచి బంతి జారి దొర్లింది. అతను దాన్ని ఏరుకుని తీరిగ్గా మొదటి బేస్‌కి విసిరాడు. పరిగెత్తి ఉంటే ఆట మిగిలేది. నేనింకా బ్యాటు పట్టుకుని అక్కడే ఉన్నాను.

కప్పు పోయింది. జట్టులో ఎవరూ నా మొహం చూడలేదు. ఆయనే వచ్చి బ్యాటు అందుకుని “దెబ్బ మంచిగ తాకింది” అన్నారు. ఆ సాయంత్రం మెస్సులో నా కంచంలో మారు కూర వేశారు. తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. ఆయన ఊరెళ్లాక ఎన్నోసార్లు ఫోన్‌లో మాట్లాడుకున్నాం కానీ, తప్పైంది అన్నా అనే ఒక్క ముక్క నా నోట రాలేదు.

ఆ ముక్క ఆయన భార్య, మా వదినకైనా చెబుదామని నిన్న ఫోన్ చేశాను. ఫలానా అనగానే ఏడుస్తున్న మనిషి ఆగింది.

“కప్పు గెలిపిచ్చిన తమ్మివి నువ్వేనా? ఆ ముచ్చట ఎన్నిసార్లు చెప్పిండో! కూసుండి చెప్పకపోయేది. లుంగీ ఎగ్గట్టి, నువ్వు కొట్టినట్టే కట్టెతోని కొట్టి, కట్టె ఆడ పారేసి, ఇగ వాకిట్ల ఉరుకుడే. ఆయాసమొస్తది ఆగుమంటే ఇనకపోయేది. గేటు ముట్టుకొని, చేతులు చాపి ‘సేఫ్’ అని ఒర్రేటోడు.”

నేను ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

“నిజంగ గంత జోరుగ ఉరికినవా తమ్మీ?”

“పరిగెత్తాను వదినా” అన్నాను.

ఫోన్ పెట్టేశాక కూడా, నేనెన్నడూ చూడని ఆ వాకిట్లో ఆయన లుంగీ ఎగ్గట్టి గేటు వైపు పరిగెడుతూనే ఉన్నారు.