నన్ను మాట్లాడించిన రెడ్డెమ్మ టీచర్

నిన్న పొద్దున ప్రేయర్ అయిపోయి పిల్లోళ్ళు క్లాసులోకి పోతాండారు. మదనపల్లె నుంచి ఫోన్.

"అక్కా, అమ్మ పోయింది."

రెడ్డెమ్మ టీచర్ కూతురు. ఆ తర్వాత ఏం చెప్పిందో నా చెవికెక్కలా.

ఇప్పుడు నేను కుప్పం పక్క ఒక పల్లెలో ఒకటో క్లాసు టీచర్ని. పుట్టింది పుంగనూరు దగ్గర, గొర్లు మేపుకునే ఇంట్లో. మా ఊరి అంగన్‌వాడీ టీచర్ రెడ్డెమ్మ.

నాలుగేళ్ళప్పుడు మా అమ్మ నన్ను ఆడ వదిలిపెట్టింది. నెలలు గడిచినా నేను నోరు తెరవలా. గోడకు ఆనుకోని కూర్చునేదాన్ని, ఇంటికి పోయేదాన్ని. ఊర్లో "మూగపిల్ల" అని పేరు కూడా పెట్టేసినారు.

టీచర్ ఏ రోజూ ఫోర్స్ చెయ్యలా.

ఆమె దగ్గర నాలుగైదు బొమ్మల పుస్తకాలుండేవి. అట్టలకు టేపు అతికించి, అతికించి గట్టిపడిపోయినాయి. బొమ్మ మా పక్కకు తిప్పి, తను పైనుంచి తలకిందులుగా చదివేది.

ఒకరోజు, తప్పిపోయిన గొర్రెపిల్ల కథ. ఆ బొమ్మ చూసి నాకు పట్టరాని కోపమొచ్చింది.

"అది గొర్రెపిల్ల కాదు, మేకపిల్ల! తోక సూడు, పైకుండాది!"

పిల్లోళ్ళంతా నా పక్కకు తిరిగినారు.

టీచర్ పుస్తకం తిప్పి చూసింది. "అవును కదమ్మా! నాకు తెలీనే తెలీదు. అయితే ఈ కథ నువ్వే చెప్పాల" అని పుస్తకం నా ఒళ్ళో పెట్టింది.

చెప్పినా. ఆ పొద్దంతా ఆపలేదంట.

కొన్నాళ్ళకు మా నాయన కోపంగా వచ్చినాడు. "కథలు చెప్పేదానికా పంపిస్తాండేది? ఒక్క అక్షరం రాయలేదు. రేపట్నించి గొర్ల ఎనక తోలుకోని పోతా."

టీచర్ వాదించలా. "ఒక్క నిమిషం కూర్చోప్పా" అని, పుస్తకం నాకిచ్చింది.

నాకు అక్షరాలు రావు. మా నాయనకూ రావు. నేను బొమ్మల మీద వేలు పెట్టి చెప్తాంటే ఆయన ముందుకు వంగి చూస్తాండాడు. నేను పేజీ తిప్పడం లేటైతే, "ఊ, తర్వాత?" అన్నాడు.

నన్ను మాన్పించలా. అప్పట్నించి నేను ఇంటికి రాగానే ఒకటే ప్రశ్న. "ఈ పొద్దు ఏం కథమ్మా?"

అక్షరాలు నాకు ఆ తర్వాత వచ్చినాయి. వాటిని చూసి నేనెప్పుడూ భయపడలా. అప్పటికే పుస్తకం నాకు చుట్టమైపోయింది.

ఇప్పుడు నా క్లాసులో కూడా పలకల కంటే ముందు కథే. ఎవురన్నా "టైం వేస్ట్" అంటే, ఒక పిల్ల చేతికి పుస్తకమిచ్చి వాళ్ళ పక్కన కూర్చోబెడతా.

పోయిన నెల మదనపల్లెకు పోయి టీచర్‌ను చూసినా. కళ్ళు సరిగా కనపడ్డం లేదు. "ఏదన్నా చదువమ్మా" అనింది. బ్యాగులో ఉండే కొత్త బొమ్మల పుస్తకం తీసి చదివినా.

రెండో పేజీలోనే నా చెయ్యి పట్టుకోని ఆపింది.

"అంత స్పీడ్ యాల? పిల్లోళ్ళు బొమ్మ సూడొద్దా?"

ఇద్దరమూ నవ్వినాము. ఎండలు తగ్గినాక కుప్పం తీసుకొచ్చి నా క్లాసులో కూర్చోబెడతానని మాటిచ్చినా.

నిన్ను తీసుకురాలేకపోయినాను టీచర్. క్షమించు.

రేపు బడికి పోతాను. నిదానంగా చదువుతాను.

పోయి రా తల్లీ. ఏ నొప్పీ లేకుండా, సల్లగా ఉండు.