పేరు పెట్టకముందే ఎక్కిన మందు

పాప పుట్టిన మూడో రోజు పొద్దున ఎంత లేపినా పాలు పట్టలేదు. కిటికీ దగ్గరికి తెచ్చి చూస్తే కళ్లు, అరికాళ్లు పసుపు రాసినట్టున్నాయి. బాన్సువాడ డాక్టరమ్మ "జాండిస్ బాగా పెరిగింది, లైటు కింద పెట్టాలె" అని నిజామాబాద్‌లోని ఒక ప్రైవేటు దవాఖానకు పంపింది.

కౌంటర్‌లో పాప పేరు అడిగారు. బీర్కూర్ నుంచి వచ్చిన మా అత్తమ్మ అడ్డం పడింది. "ఇరవై ఒకటో దినం పెట్టుకుంటం. ముందుగాల్నే పెడితే దిష్టి తగుల్తది." కంప్యూటర్‌లో 'బేబీ ఆఫ్ సుజాత' అని కొట్టారు. సుజాతను నేనే. జుక్కల్ నుంచి వచ్చిన ఇంకో తల్లి కూడా సుజాతే, ఆమె బాబుకు రక్తంలో ఇన్ఫెక్షన్. "ఇద్దరం సుజాతలమే, డాక్టర్ పరేషాన్ అయితడు" అని నవ్వుకున్నాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.

మర్నాడు పాలివ్వడానికి లోపలికి వెళితే సిస్టర్ పాప చేతికున్న సూదిలోంచి మందు ఎక్కిస్తోంది.

"కామెర్లకు ఇంజక్షన్ ఎందుకు సిస్టర్?"

"కంప్యూటర్ల ఉంటేనే ఇస్తం అక్కా. సార్ రాసిండు."

బయటికొచ్చి మా ఆయనకు చెప్పాను. "కంప్యూటర్ల ఉన్నదంటే సరిగనే ఉంటది, ఊకో," అన్నాడు. ఊరుకున్నాను. తెల్లారి చూస్తే డైపర్ పొడిగా ఉంది, రాత్రంతా పాప ఉచ్చ పోయలేదు. ఆ పొద్దున రౌండ్స్‌కు వచ్చిన పెద్ద డాక్టర్ స్క్రీన్ చూసి ఆగిపోయాడు. "ఈ పాపకు అమికాసిన్ ఎవరు మొదలుపెట్టిండ్రు?"

అది ఇన్ఫెక్షన్‌కు ఇచ్చే మందు, జుక్కల్ బాబుది. మోతాదు కూడా బాబు బరువుకు లెక్కకట్టింది, వాడు మా పాపకంటే చాలా బరువు. లిస్టులో ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తే చిన్న డాక్టర్ ఒకదాని మీద నొక్కబోయి ఇంకోదాని మీద నొక్కాడు. "కంప్యూటర్ తప్పు కాదమ్మా," అన్నాడు పెద్దాయన.

"కంప్యూటర్‌ది కాదు, మీది కాదు, మరి నా పాపదా?" అని అరిచాను. వార్డంతా తిరిగి చూసింది.

పాప రక్తంలో క్రియాటినిన్ పెరిగింది, ఆ మందుకు కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. సెలైన్, మళ్లీ మళ్లీ రక్తపరీక్షలు. తన మందు తనకు అందక జుక్కల్ బాబుకు జ్వరం ముదిరి హైదరాబాద్ తీసుకెళ్లారు. బతికాడని తర్వాత ఫోన్‌లో తెలిసింది.

తప్పు బయటపడిన రోజు మధ్యాహ్నమే అత్తమ్మ కళ్లు తుడుచుకుంటూ కౌంటర్ దగ్గరికి నడిచింది. "పేరు పెడితే దిష్టి తగుల్తదనుకున్న. పేరు లేకనే తగిలె. రాయి బిడ్డా, మేఘన."

కిడ్నీలు తేరుకున్నాయి. ఇంటికొచ్చాక, ఇరవై ఒకటో రోజున అత్తమ్మ తొట్టెలలోకి వంగి పాప చెవిలో మూడుసార్లు పేరు చెప్పింది. పాప కదలకుండా పడుకుంది. బుద్ధిమంతురాలని మురిసిపోయాం.

తర్వాత చెవుల పరీక్ష రెండుసార్లు ఫెయిలయింది. బెరా టెస్టులో రెండు చెవులకూ వినికిడి బాగా తక్కువని తేలింది. "ఆ మందు చెవులను కూడా దెబ్బతీయొచ్చు. కానీ అమికాసిన్ వల్లనేనని చెప్పలేను, కాదనీ చెప్పలేను. కామెర్లకు కూడా వినికిడి పోవచ్చు," అన్నాడు చెవి డాక్టర్. ఆ మాటతోనే బతకాలి మేము.

ఇప్పుడు మేఘనకు రెండేళ్లు దాటాయి. చెవులకు మిషన్లు పెడితే పీకి పారేస్తుంది, అత్తమ్మ వెతికి మళ్లీ పెడుతుంది.

తల్లులకు ఒక్కటే చెబుతాను. దవాఖానలో చేర్చేటప్పుడే బిడ్డకు ఏదో ఒక పేరు రాయించండి, వేడుక తర్వాత చేసుకోవచ్చు. ప్రతి సూదికి ముందు అది ఎవరి మందో, ఏ బరువుకు లెక్కకట్టారో గట్టిగా అడగండి, విసుక్కున్నా సరే. మా పాప పుట్టిన వారంలోనే దాని పేరు కంప్యూటర్‌కు తెలిసింది. పాపకు తెలిసేసరికి ఏడాదిన్నర పట్టింది.