జొన్నపిండిల కదిలిన నా కుడిచెయ్యి

సహోదరులారా, అక్కలారా, పోయిన వానకాలం నాకు పక్షవాతం కొట్టి కుడిచెయ్యి కట్టె లెక్క పడిపోయింది, దవాఖానల పాణమైతే దక్కింది గని చెయ్యి మాత్రం రాలేదు. మెదక్‌ల మా ఇంట్ల కోడలు రాజమణి చెంచతోని బువ్వ పెడుతుంటె పసిపిల్ల లెక్క నోరు తెరిచేదాన్ని! ఎవ్వల ముందట చెయ్యి చాపకుండ బతికినదాన్ని, గోడ దిక్కు మొఖం పెట్టి ఏడ్చేదాన్ని. "ప్రభువా, నడువకున్నా మంచిదే, నా బువ్వ నా చేతితోని తినేటట్టు చెయ్యి తండ్రీ" అని పొద్దుమాపు ఒక్కటే ప్రార్థన.

గప్పుడు దేవుడు స్రవంతి అనే పిల్లను పంపిండు. పడిపోయినోళ్లకు తినుడు, తానం చేసుడు, చీర కట్టుకునుడు మళ్ల నేర్పే థెరపిస్టు, దవాఖాన తరఫున ఇండ్లకొస్తది. పనికి కొత్త. మెత్తటి బంతి ఇచ్చి పిసుకుమన్నది. "ఆడుకునే వయసా నాది?" అని కసిరిన. ఆమె కోపం చెయ్యలేదు, నేను ఏడ కూసుంట, ఏం చూస్త అని కనిపెట్టుకుంట వచ్చింది.

ఒకనాడు ఆమె ఉండంగనే రాజమణి జొన్నరొట్టె చేస్తుంది, పిండి సక్కగ పిసుకక అంచులన్ని పలిగిపోతున్నయి. పిండి ఖరాబైతుంటె నేను ఊకుంటనా! "గట్టిగ ఒత్తు పిల్లా" అనుకుంట, మరిచిపోయి కుడిచెయ్యే ముందటికి తెచ్చి పిండిల పెట్టిన. వేళ్లు జర ముడుసుకున్నయి! దేవునికి స్తోత్రం! స్రవంతి ఎగిరి నా పక్కన పీట మీద కూసున్నది. "అవ్వా, ఇగ బంతి వద్దు, పిండే. గని రొట్టె కొట్టుడు నాకు రాదు, నువ్వు నాకు నేర్పు, నేను నీ చేతికి నేర్పుత" అన్నది.

నా చెయ్యి కింద తన చెయ్యి పెట్టి ఒత్తుడు, తిప్పుడు. మొదటి రొట్టె చూసి రాజమణి, "అత్తమ్మా, గిది రొట్టెనా, బడి గోడ మీది జిల్లా నక్షనా?" అని నవ్వింది. పారెయ్యనిస్తనా? ఇద్దరితోని తినిపిచ్చిన.

ఇప్పుడు స్రవంతి ఏ ఇంటికి పోయినా, ఈ చెయ్యి ఇదివరకు ఏం పని చేసింది అని ముందుగాల అడుగుతదట. కుల్చారంల ఒక తాతకు తాడు పేనుడు పెట్టిందట.

మెల్లమెల్లగ నా చెయ్యి తిరిగింది. పోయిన ఆదివారం చర్చిల ప్రభు భోజనంల పాస్టరు అయ్యగారు రొట్టె ఇస్తుంటె కుడిచెయ్యి చాపిన. వణికింది, గని రొట్టె కింద పడలేదు, నేనే నోట్ల పెట్టుకున్న. దేవునికే మహిమ!

మీ ఇంట్ల పడిపోయినోళ్లను గోడ దిక్కు పండనియ్యకుండ్రి. ప్రార్థన చెయ్యుండ్రి, థెరపీకి పిలువుండ్రి, వాళ్ల పని వాళ్ల చేతికి అందియ్యుండ్రి. నా మొర విన్నోడు మీది వినడా? నమ్ముండ్రి. నా రొట్టె తిని చూస్తమంటె రాండ్రి, పిండి మాత్రం మీరే తెచ్చుకోండ్రి.