గొట్టానికి మెత్తిన మట్టి

దాలమ్మ కళ్ళంలో ట్రాక్టరు నిలబడిపోయి అరగంటైంది. ఆపించింది దాలమ్మే. నూర్పుకి పరిచిన వరి పనల మీద కొడుకు నరేష్ బండి తిప్పుతుంటే సైలెన్సర్ కింది గొట్టంలోంచి నిప్పురవ్వ రాలి ఎండుగడ్డి మీద పడింది. చెంబెడు నీళ్ళు కొట్టి ఆర్పేసరికి ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి. మూడెకరాల పంట, ఏడాది తిండి, అంతా ఆ ఒక్క కుప్పే. తూర్పున మబ్బు కమ్ముకొస్తోంది. సాయంత్రానికి వాన తప్పదని పొద్దుట్నుంచీ అందరూ అంటున్నారు. బండి తిరిగితే నిప్పు భయం, తిరక్కపోతే వాన భయం.

కబురందగానే తమ్ముడు నరసింగరావు గరివిడి రోడ్డు మీది తన షెడ్డు మూసేసి వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా మెకానిక్కు. తడి తువ్వాలు చుట్టిన చెయ్యి గొట్టం దగ్గర పెట్టి, పొగ ఎక్కడ కారుతోందో ఇట్టే చెప్పేస్తాడు. ఊళ్ళో ఎవరి మాటా లెక్కచెయ్యడు గానీ, తల్లి పోయాక ముద్దలు కలిపి పెట్టి పెంచిన ఈ అక్క ముందు మాత్రం పిల్లే.

"ముందు బండిని కళ్ళం బయటికి తొయ్యండి. స్టార్టు సెయ్యకండి," అన్నాడు.

కూలి గంగులుతో సహా నలుగురూ భుజాలు ఆనించి గట్టు దాకా తోశారు. గొట్టం మలుపులో పిడికెడు మందాన మట్టి మెత్తి ఉంది. అది చూడగానే నరసింగరావుకి గుర్తొచ్చింది. పది రోజుల కిందట గొట్టం చిట్లితే సర్దింది తనే. షెడ్డులో పని తొందర. బంకమట్టిలో తరిగిన గడ్డి కలిపి మెత్తేశాడు. గడ్డి కలపకపోతే ఇంటిగోడే బీటలు వారుతుంది, గొట్టం మీద మట్టి నిలుస్తుందా అనుకున్నాడు. రెండ్రోజుల్లో వచ్చి రేకు వేద్దామనుకుని మరిచాడు. మట్టిలో గడ్డి ఉందని మరెవరికీ తెలీదు.

స్క్రూడ్రైవరుతో పెళ్ళ లేపాడు. లోపల గడ్డి ఎర్రగా రాజుకుని ఉంది. గాలి తగలగానే రవ్వలు లేచాయి, గాలేమో కళ్ళం వైపే వీస్తోంది. ఇంకేం ఆలోచించలేదు. రెండు చేతులతో పెళ్ళని పీకి పక్కనున్న నీళ్ళ కాలవలో పడేశాడు. అరచేతులు కాలిపోయాయి.

"ఏటిరా అది?" అంది దాలమ్మ.

"మట్టి ఏడెక్కింది," అన్నాడు.

ఆవిడ డ్రైవింగు సీటు పక్కనున్న కొడుకు మీదికి తిరిగింది. "ఒరే నరేషూ, నిదానంగా తోలరా అంటే ఇన్నావా? మీ మావ సేసిన పనంతా పాడు సేసీసినావు. కుప్ప అంటుకుంటే ఏటి తిందుమురా?"

"నిదానంగానే తోలేనమ్మా," అన్నాడు నరేష్. ఆవిడ వినిపించుకోలేదు.

నరసింగరావు తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని పనిలో పడ్డాడు. గొట్టాన్ని పట్టి ఉంచే బోల్టు తుప్పు పట్టి కదలదు. గట్టిగా కొడితే విరుగుతుంది, విరిగితే ఇవాళ్టికి నూర్పు లేనట్టే. నూనె పోసి, ఇటు కాస్తా అటు కాస్తా తిప్పాడు. దూరంగా ఉరిమింది. రెంచి పట్టుకున్న చోటల్లా చర్మం లేచిపోతోంది. చివరికి బోల్టు వచ్చింది. ఇనప రేకు చుట్టి, రెండు క్లాంపులు బిగించి, స్టార్టు చేయించి, తడి తువ్వాలు చుట్టిన చేత్తో గొట్టం చుట్టూ చూశాడు. ఎక్కడా పొగ లేదు.

"అయిపోయింది, తోలుకోండి," అన్నాడు.

నరేష్ సీటెక్కబోతే దాలమ్మ అడ్డం వచ్చింది. "నువ్వు దిగు. నీకు బండిచ్చింది నాదే బుద్ధితక్కువ. గంగులు తోలతాడు."

కుర్రాడి మొహం వాడిపోయింది. ఇక నరసింగరావు వల్ల కాలేదు.

"అప్పా, ఆడ్ని ఏటీ అనకు. ఆ మట్టిలో గడ్డి కలిపింది నానే. ఆ గడ్డే రాజుకుంది. నీ కుప్పని నానే కాల్చీసేవోడ్ని."

దాలమ్మ సీటుకి అడ్డం తప్పుకుంది. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది అతనికి. ఆవిడ నరేష్‌తో, "ఎక్కు," అంది. తర్వాత కాలవలో బిందె ముంచి, నీళ్ళతో తెచ్చి తమ్ముడి కాలిన చేతుల్లో పెట్టింది.

"ఆఖరి పన నలిగేదాకా ఈ బండెనకే నడు. రవ్వ పడితే ఆర్పు."

అతను నడిచాడు. తొలి చినుకులు పడేసరికి ధాన్యం టార్పాలిన్ కింద చేరింది. అప్పటిదాకా బిందె దించమని దాలమ్మ అనలేదు, అతనూ దించలేదు.