నల్లనూనెకు తెల్లచొక్కా పరీక్ష

వీధివాళ్లు ఆ స్కూటర్ మెకానిక్‌ను జిడ్డు మేస్త్రీ అంటారు. ఏ బండి ఇంజనాయిల్ దించినా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, వాసన చూసి, "దీని పని అయిపోయింది" అని తీర్పు చెప్పేవాడు. ఆ వెంటనే డబ్బా ఎత్తి షెడ్డు వెనక కాలువలో కుమ్మరించేవాడు. పాతికేళ్లుగా ఇదే వరస. ఆ నూనె ఎక్కడికి పోతుందని ఆయన అడగలేదు. అడగాల్సిన మునిసిపాలిటీ అసలే అడగలేదు.

అడిగింది అత్తగారు. షెడ్డు స్థలం ఆవిడది. ఆవిడ బడిపిల్లల చొక్కాలు కుడుతుంది. కొత్త గుడ్డను బోరింగు నీళ్లలో నానబెట్టందే కత్తెర పట్టదు. కాలువ నీరు భూమిలోకి ఇంకేది సరిగ్గా ఆ బోరింగు పక్కనే.

"అల్లుడుగారూ, నా చొక్కాలు తొడుక్కున్న పిల్లలంతా స్కూటర్ల వాసన వేస్తున్నారట. బడికి పంపారా, సర్వీసింగుకు పంపారా అని హెడ్‌మిస్ట్రెస్ అడిగింది. వీధంతా తాగేది ఆ నీళ్లే కదండీ?"

అత్తగారికి కోపం పెరిగేకొద్దీ మర్యాద పెరుగుతుంది. ఆవిడ ఇంకో మెట్టు ఎక్కింది.

"నెలాఖరు దాకా చూస్తాను. ఆ తర్వాత ఒక్క చుక్క కాలువలో పడినా, తమరు దయచేసి షెడ్డు వేరేచోట చూసుకోండి."

బండి బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒక కెమిస్ట్రీ లెక్చరర్ ఉపాయం చెప్పాడు. పల్లీ పొట్టును గాలి తగలకుండా కాల్చి, ఆ బొగ్గుపొడిని వాడిన నూనెలో కలిపితే మురికిని పట్టేసుకుంటుందట. పల్లీలు ఒలిచే మిల్లువాళ్లు పొట్టు పట్టుకుపొమ్మని బతిమాలినంత పని చేశారు. మేస్త్రీ 'గాలి తగలకుండా' అన్న ముక్క మరిచిపోయి బస్తాడు పొట్టు తగలబెడితే, మిగిలింది దోసెడు బూడిద. రెండోసారి మూత బిగించిన డబ్బాలో కాల్చాడు. బొగ్గయింది. దాన్ని రోట్లో దంచాడు. భార్య ఆ రోటిని మళ్లీ వంటింటి గడప తొక్కనివ్వలేదు.

గోరువెచ్చని నూనెలో పొడి కలిపి, మందపాటి గుడ్డలో వడగట్టాడు. మొదట టీ రంగు వచ్చింది. మళ్లీ పొడి కలిపి వడగడితే తేనె రంగు తేలింది.

"ఇంజన్లో మాత్రం పోయకండి," అన్నాడు లెక్చరర్. "ఇంజన్ నూనెలో కలపాల్సిన మందులు వేరే ఉన్నాయి. గొలుసులకూ కుట్టుమిషన్లకూ వేసి చూడండి."

నెలాఖరున అత్తగారు తన మిషన్ మూత తీసింది.

"వేయండి. తెల్లచొక్కా కుడతాను. మరక పడితే షెడ్డు లేదు."

ఇన్నాళ్లూ వీధి చివరిదాకా కీచుమన్న మిషన్ నోరు మూసుకుని పరుగెత్తింది. కాలరు, జేబు, రెండు చేతులు అయ్యాయి. ఆవిడ చొక్కాను వెలుతురుకు ఎత్తిపట్టింది. చుక్క మరక లేదు.

మేస్త్రీకి ఆనందం ఆగలేదు. పాతికేళ్ల అలవాటు చొప్పున చొక్కా జేబును అందుకుని వేళ్ల మధ్య నలిపాడు.

జేబు మీద నల్లటి వేలిముద్ర పడింది.

"అత్తయ్యా, అది నూనె మరక కాదు! నా వేలిది!"

"కనపడుతూనే ఉంది, గీతలతో సహా. నూనె పాసయింది, తమరు తప్పారు. ఇంతకీ అడుగున మిగిలిన ఆ నల్ల పిప్పి ఎక్కడ పోస్తారు?"

మేస్త్రీ చూపు కాలువ వైపు వెళ్లబోయి మధ్యలో ఆగింది.

"మూత ఉన్న డబ్బాలో పెట్టి లెక్చరర్‌గారికి అప్పగిస్తాను."

"సరే నాయనా. వెళ్లి చేతులు కడుక్కో."

మర్యాద తగ్గింది, షెడ్డు నిలిచింది. మేస్త్రీ ఈల వేస్తూ, సబ్బు తీసుకుని హుషారుగా కాలువ గట్టు మీదికి నడిచాడు.

"అల్లుడుగారూ!"